మొహానికి గళ్ళు

ఆషాఢం వచ్చిందంటే గణేష్‌బాబు గారి వీడియో స్టూడియోలో ఈగలు తోలుకోవడమే పని. ముహూర్తాలుండవు, పెళ్ళిళ్ళుండవు. చర్చి పెళ్ళి ఒకటీ అరా తగిలితే అదే పదివేలు. అలాంటి రోజుల్లో చంద్రరావు మేష్టారు క్యాసెట్ల సంచీ భుజాన వేసుకుని మేడమెట్లెక్కి వచ్చేసరికి గణేష్‌బాబు గారు కుర్చీలోంచి లేచి మరీ ఎదురెళ్ళారు.

"మీకు కావలసినన్ని రోజులు కూర్చోండి మేష్టారూ. మా తబిత ఉంది. మిక్సింగులో ఆ అమ్మాయిని మించినవాళ్ళు రాజమండ్రిలో లేరు," అన్నారు.

వ్యాపారానికి అన్న మాటే అయినా అందులో అబద్ధం లేదు. పెళ్ళి క్యాసెట్టు మిక్సింగంటే తాళి కట్టేటప్పుడు చుట్టూ గులాబీలు తిప్పడమని కొత్తవాళ్ళు అనుకుంటారు. గులాబీలు ఎవడైనా తిప్పుతాడు. వచ్చిన చుట్టాల్లో ఒక్క మొహం కూడా పోకుండా చూడటం, అదీ పని. పెళ్ళికొడుకు మేనత్త క్యాసెట్లో పడలేదని వియ్యాలవారు మాటలు మానేసిన ఇళ్ళు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. తబిత చేతిలోంచి వెళ్ళిన క్యాసెట్టు మీద అలాంటి పేచీ ఏనాడూ రాలేదు. కండువా చాటున ముఖం సగం కనిపించిన ముసలాయన్ని కూడా వెతికి పట్టుకుని, ఆయన బాగా కనిపించిన ముక్క ఎక్కడుందో తెచ్చి అతికించేది.

మేష్టారు తెచ్చినవి పెళ్ళి క్యాసెట్లు కావు. ఆయన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతారు. మొన్న వేసవిలో ఎన్నికలైనప్పుడు డబ్బు ఎలా చేతులు మారుతుందో కళ్ళకు కట్టినట్టు చూపించాలని పట్టుబట్టి, ఇదే స్టూడియోలో కెమెరా అద్దెకు తీసుకుని, ఇక్కడి కెమెరామన్ రమేష్ బాబునే వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగారు. ఇప్పుడు దాన్ని డాక్యుమెంటరీ చెయ్యాలి. కాలేజీల్లో వెయ్యాలి, ఊళ్ళల్లో వెయ్యాలి, హైదరాబాదుకీ పంపాలి. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత దూరం రాకుండా మొదట్లోనే తేలిపోయేది.

రెండో రోజు పొద్దున్న తబిత హెడ్‌ఫోన్సు పెట్టుకుని కొత్త క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. తెర మీద ఒక సందు కనిపించింది. సిమెంటు రోడ్డు, పక్కన మురుక్కాలవ, దాని మీద వేసిన తాటిమొద్దు. ఆ తాటిమొద్దు మీంచి దాటే ఆమె రోజూ బస్సుకి వెళుతుంది.

అది వాళ్ళ పేట. సాయంత్రపు వెలుగు. ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఓటరు స్లిప్పులో నోటు మడిచి ఒక్కొక్కరి చేతిలో పెడుతున్న పెద్దమనిషి రైసుమిల్లు ఉదయభాస్కర్ గారు. ఒకరి తరవాత ఒకరు తీసుకుని తల వంచుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఇంతలో కెమెరా మీద లైటు భళ్ళున వెలిగింది. వరసలో ముందున్న మనిషి ఆ లైటు చూసి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని, పైట సర్దుకుని, రెండు చేతులూ చాపి, కెమెరా వైపు తిరిగి చక్కగా నవ్వింది.

ఆవిడ తబిత తల్లి, సంపూర్ణమ్మ.

తమాషా ఏమిటంటే ఉదయభాస్కర్ గారు కూడా ఆగారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి కెమెరా పట్టింది రమేష్ బాబే. అలవాటైన మనిషి, అలవాటైన లైటు. చదివింపుల కవరు ఇచ్చేటప్పుడు ఫొటో పడేదాకా చెయ్యి తియ్యకుండా ఉంటారు చూడండి, అలాగే ఆ స్లిప్పు ఒక కొస ఆయనా, ఒక కొస ఆవిడా పట్టుకుని నిండుగా నిలబడ్డారు. అంతలోనే ఆయనకి ఎక్కడున్నారో గుర్తొచ్చినట్టుంది, ముఖం తిప్పేసుకున్నారు. కానీ అప్పటికే పడాల్సిన బొమ్మ పడిపోయింది.

హెడ్‌ఫోన్సులో రమేష్ బాబు గొంతు వినిపించింది. "అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి. ఆఁ, అలాగ. నవ్వాలి."

పెళ్ళిళ్ళలో అనే మాటే. అలవాటుకొద్దీ ఇక్కడా అనేశాడు. మేష్టారు ఆ వేళ పేటలోకి రాలేదు. తనని చూస్తే గుర్తుపట్టి జనం చెదిరిపోతారని రోడ్డు మీద జీపులోనే కూర్చుండిపోయారు.

"ఆపు, ఆపు. అక్కడ ఆపు," అన్నారాయన వెనకనుంచి. తెర మీద సంపూర్ణమ్మ నవ్వు ఆగింది. "చూశావా తబితా ఆ నవ్వు? మన సినిమాకి అదే ప్రాణం. సిగ్గుపడుతూ తీసుకునేవాళ్ళని ఎంతమందినైనా చూశాం. ఇలా నవ్వేవాళ్ళని చూశామా? దీనికి వాక్యం కూడా రాశాను. 'ప్రజాస్వామ్యాన్ని నవ్వుతూ అమ్ముకున్న చేతులివి.' ఎలా ఉంది?"

'ఆవిడ మా అమ్మండి' అన్న మాట తబిత నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే, సిగ్గు. దాచడమెందుకు, ఆ క్షణాన ఆమెకి తల్లిని చూస్తే సిగ్గేసింది.

"సౌండు తీసెయ్యి, అక్కడంతా గోలే ఉంటుంది. నా గొంతు పడుతుంది దాని మీద," అన్నారు మేష్టారు. "ఇంకోటి. ఆయన మొహానికి మొజాయిక్ వెయ్యాలి. ఎవరన్నది పోల్చుకోకూడదు."

మొజాయిక్‌ని స్టూడియోలో గళ్ళు అంటారు. ముఖమంతా గళ్ళగళ్ళుగా చెదిరిపోతుంది.

"ఆయనకి ఎందుకండీ?"

"ఆయన మా కాలేజీ కమిటీలో ఉన్నాడు. అదలా ఉంచు, పరువునష్టం కేసు వేస్తాడని ప్లీడరు గారు చెప్పారు."

"మరి ఆవిడకండీ?"

"ఆవిడకెందుకూ? ఆవిడేమన్నా కేసు వేస్తుందా ఏంటి?" అని మేష్టారు టీకి కిందికి దిగారు.

గళ్ళు వెయ్యడం మాటలు కాదు. మనిషి కదిలినప్పుడల్లా గళ్ళనీ కదపాలి. తల ఒక పిసరు పక్కకి వాలితే గళ్ళు అక్కడే ఉండిపోయి, చెవో ముక్కో బయటపడుతుంది. బొమ్మ తరవాత బొమ్మ ఆపి, మౌసుతో ఆ చతురస్రాన్ని ఉదయభాస్కర్ గారి తలతో పాటు జరుపుకుంటూ పోయింది తబిత. ఆయన మెడలో గొలుసు బయటికి కనిపిస్తే అదీ కప్పింది. ఆ పక్కనే, గళ్ళకి జానెడు దూరంలో, తల్లి ముఖం. కుడి దవడ పన్ను లేకపోవడం దగ్గర్నుంచి సమస్తం కనిపిస్తోంది. ఒక ముఖాన్ని అంత భద్రంగా దాచడానికి రోజంతా పట్టింది. ఇంకో ముఖం కోసం ఎవరూ వేలు కదపక్కర్లేకపోయింది. సాయంత్రం అయ్యేసరికి తబితకి వేసిన సిగ్గు కాస్తా కోపంగా మారింది. ఎవరి మీదో మాత్రం ఇంకా తేలలేదు.

*

ధవళేశ్వరం దాటేసరికి గోదారి ఎర్రనీళ్ళతో నిండుగా ఉంది. తబిత బస్సు దిగి పేటకి చేరేటప్పటికి సంపూర్ణమ్మ అప్పుడే నాట్ల నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది. పొద్దుటినుంచీ బురదలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడుచుకుపోయాయి. గోళ్ళలో మట్టిని కొబ్బరి పీచుతో రుద్దుతోంది.

"ఏమే, మొహం అలా పెట్టావేంటి? బస్సులో చోటు దొరకలేదా?"

తబిత సంచీ లోపల పడేసి వచ్చి పక్కన కూర్చుంది. "ఎలచ్చన్లప్పుడు మన పేటలో వీడియో తీశారు గదమ్మా. అప్పుడు నువ్వు నవ్వావు."

"నవ్వాను. అయితే?"

"డబ్బు తీసుకుంటా ఎవరైనా నవ్వుతారా అమ్మా?"

సంపూర్ణమ్మ పీచు పక్కన పెట్టింది. కూతురి గొంతులో తేడా ఆవిడకి అప్పటికి అందింది.

"డబ్బుకి నవ్వలేదే. ఆ కెమెరా పట్టుకున్నోడు మీ రమేషు గదా. మీ షాపు కెమెరా. సాయంత్రానికో రేపటికో నా బిడ్డే ఈ బొమ్మ చూత్తాది అనుకున్నాను. నువ్వే గదా ఎప్పుడూ చెబుతా ఉంటావు, మొహాలు దించేసుకుని పెళ్ళి క్యాసెట్టంతా పాడుచేత్తారు ఈ ఆడోళ్ళు అని. ఇటు చూడండమ్మా అన్నాడు. చూశాను. నీ పనికి మాట రాకూడదని నవ్వాను."

పొద్దుటినుంచీ తబిత సిగ్గుపడింది ఆ నవ్వుకి. ఆ నవ్వేమో తన కోసం నవ్విన నవ్వు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటిని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

కాసేపటికి సంగతంతా చెప్పింది. మేష్టారు రాసిన వాక్యం, ఉదయభాస్కర్ గారి ముఖానికి వేసిన గళ్ళు, అన్నీ చెప్పింది. "నీ మొహానికి కూడా గళ్ళేసేస్తానమ్మా. మేష్టారికి తెలీకుండా వేసేస్తాను. నువ్వని ఎవ్వరికీ తెలీదు," అంది.

సంపూర్ణమ్మ కాళ్ళు తుడుచుకుని లేచింది. "ముందు నన్ను చూడనీ," అంది. "రేపు వానకి నాట్లు ఆగితే నీతో వత్తాను."

*

వాన కురిసింది. నాట్లు ఆగాయి. సంపూర్ణమ్మ గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, గొడుగు పట్టుకుని కూతురి వెంట స్టూడియోకి వచ్చింది. గుడి అంటే వాళ్ళకి చర్చే. గణేష్‌బాబు గారు మర్యాదగా చక్రాల కుర్చీ ఇచ్చారు. అది కదులుతుంటే ఆవిడ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

తబిత ఆ ముక్క వేసి చూపించింది. సంపూర్ణమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. "బాగానే పడ్డాను," అంది. తరవాత ముందుకి వంగి, తెర మీద వేలు పెట్టబోయి, పాడవుతుందేమోనని వెనక్కి తీసుకుని, "గళ్ళంటే ఇయ్యేనా? ఈయనగారి మొహం పేలపిండిలా అయిపోయిందేంటి?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే చంద్రరావు మేష్టారు తడిసిన చెప్పులు మెట్ల మీద విదిలించి లోపలికొచ్చారు. కుర్చీలో ఉన్న మనిషినీ, తెర మీద ఉన్న మనిషినీ మార్చి మార్చి చూశారు.

"మా అమ్మండి," అంది తబిత. ఈసారి మాట ఎక్కడా ఆగలేదు.

మేష్టారు చతికిలబడినట్టు స్టూలు మీద కూర్చున్నారు. "నాకు తెలీదమ్మా. తబిత చెప్పలేదు," అన్నారు. "ఫరవాలేదు. మీకు కూడా మొహం కప్పించేస్తాను. ఇబ్బందేం లేదు."

"నాకెందుకండీ?" అంది సంపూర్ణమ్మ. "ఆ సినిమాలో ఏం చెబుతున్నారో అమ్మాయి చెప్పిందండి. డబ్బులిత్తే మేం పుచ్చుకున్నాం అని. నిజమేనండి. పుచ్చుకున్నాను. పేటకొచ్చి చేతిలో పెట్టేరండి."

"మరి ఓటు ఆయన చెప్పినవాళ్ళకే వేశారా?" మేష్టారు ఆగలేక అడిగేశారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆయనకి దొరకని జవాబు అది.

"ఆ మాట వాళ్ళూ అడిగేరండి. మీరూ అడుగుతున్నారేంటండీ?"

గణేష్‌బాబు గారు దగ్గొచ్చినట్టు అటు తిరిగారు. సంపూర్ణమ్మ తెర వైపు చూపించింది.

"నాకు తెలీక అడుగుతానండి. ఇందులో నా మొహం ఉంది. నా చెయ్యి ఉంది. అవతల మనిషి లేడు. ఇది చూసినోళ్ళు ఏమనుకుంటారండీ? నేను గాల్లోంచి తీసుకున్నానా?"

మేష్టారు కేసు గురించి చెప్పారు, పరువునష్టం గురించి చెప్పారు. ఆవిడ ఆయ్, ఆయ్ అంటూ శ్రద్ధగానే వింది. చివరికి ఆయన గొంతు తగ్గించి, "ఆయన మా కమిటీ మెంబరమ్మా. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. మీకూ మంచిది కాదు. ఆయన చేలోకి నాట్లకి వెళ్ళేది మీ పేటవాళ్ళే కదా. రేపటినుంచి పిలవకపోతే?" అన్నారు.

"పిలవకపోతే నాట్లు ఆయనగారొచ్చి ఏత్తారాండీ?" అంది సంపూర్ణమ్మ. ఆ మాటకి మేష్టారు కూడా నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మీ భయం మీదండి. పిల్లలున్నోళ్ళు, నేను కాదనను. భయమేత్తే ఆ ముక్క మొత్తం తీసేసుకోండి. లేదంటే ఇద్దర్నీ ఉంచండి. ఆయన ఇచ్చాడు, నేను తీసుకున్నాను. అంతేగానీ బాబూ, నన్ను ముందు నిలబెట్టి నా ఎనకాల ఆయన్ని దాయకండి."

తబిత లేచి హెడ్‌ఫోన్సు తీసి మేష్టారి చేతికిచ్చింది. "సౌండు తీసెయ్యమన్నారు కదండీ. ఒక్కసారి వినండి," అంది.

ఆయన పెట్టుకుని విన్నారు. ఇంకోసారి వెయ్యమన్నారు. ఆవిడ ఎందుకు నవ్విందో తబిత చెప్పింది, ఆయన తలెత్తకుండా విన్నారు. హెడ్‌ఫోన్సు తీసి బల్ల మీద పెట్టి, తన కాగితం మీది వాక్యాన్ని చూసుకున్నారు. "వస్తానమ్మా," అని సంపూర్ణమ్మకి నమస్కారం పెట్టి వానలోకి దిగిపోయారు. గొడుగు ఇక్కడే మర్చిపోయారు.

*

మర్నాడు ఆయన రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు. వచ్చిన బేరం ఎగిరిపోయిందని గణేష్‌బాబు గారు విసుక్కున్నారు. రమేష్ బాబు వచ్చి, "నా నోరు ఊరుకోక ఎంత పని చేసింది తబితా," అని నొచ్చుకుని వెళ్ళాడు. తబిత కుర్చీలో కూర్చుని ఆ ముక్కనే చూసుకుంటూ ఉండేది. మొన్న చూసిన నవ్వే. ఇప్పుడు చూస్తుంటే, ఇన్నేళ్ళలో తను ఏ పెళ్ళి క్యాసెట్లోనూ ఇంత నిటారుగా నిలబడిన మనిషిని చూడలేదనిపించింది. మా అమ్మ, అనుకుంది. ఆ రెండు మాటలూ మనసులో అనుకోవడమే హాయిగా ఉంది.

మూడో రోజు మేష్టారు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గడ్డం మాసింది. కూర్చోకుండానే, "తీసెయ్యి," అన్నారు.

తబితకి ప్రాణం ఉసూరుమంది. "మొత్తం ముక్కాండీ?"

"కాదు. గళ్ళు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"మా ఆవిడతో చెప్పాను. ఉద్యోగం పోతే ట్యూషన్లు చెప్పుకుందాం, ముందు అన్నం తినండి అంది," అని ఆయన స్టూలు లాక్కున్నారు. "నా వాక్యం కూడా తీసెయ్యి. అక్కడ నేనేం మాట్లాడను. రమేష్ గొంతే ఉండనీ."

రోజంతా కష్టపడి వేసిన గళ్ళు తియ్యడానికి ఒక్క నొక్కు చాలింది. ఉదయభాస్కర్ గారి ముఖం మీసాలతో, గంధం బొట్టుతో నిక్షేపంలా బయటికొచ్చింది. పక్కన సంపూర్ణమ్మ. నడుమ ఇద్దరూ పట్టుకున్న స్లిప్పు. ఇప్పుడది బొమ్మలా ఉంది, అన్నాడు వెనకనుంచి చూస్తున్న రమేష్ బాబు.

*

శ్రావణంలో ఆ సినిమా రాజమండ్రిలో వేశారు. అక్కడినుంచి కబురు ఊళ్ళకి పాకింది. కాలేజీ కమిటీ మేష్టారికి సంజాయిషీ అడుగుతూ కాగితం పంపింది. కలుపు తీతకి సంపూర్ణమ్మని పిలవద్దని కూలీల మేస్త్రీకి రైసుమిల్లు నుంచి మాట అందింది. ఆవిడ కంగారుపడలేదు. కాలవ అవతలి ఊళ్ళో కలుపుకి వెళుతోంది. కాస్త ఎక్కువ నడవాలి, అంతే.

పేటలో వేస్తానని మేష్టారు అడిగితే, మొదట ఊ అన్నది సంపూర్ణమ్మే. పొద్దువాలాక కమ్యూనిటీ హాలు గోడకి తెల్ల దుప్పటి కట్టారు. పేటంతా చాపలు తెచ్చుకుని కూర్చుంది. రైసుమిల్లు గుమస్తా ఒకడు మోటారుసైకిలు దిగకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు.

తమ సందు కనిపించగానే పిల్లలు గోల చేశారు. తరవాత తల వంచుకుని తీసుకుంటున్న ఆడవాళ్ళు కనిపించారు. ఎవరి ముఖం వాళ్ళకి కనిపించేసరికి కొంతమంది చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు లైటు వెలిగింది. "అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి," అంది రమేష్ బాబు గొంతు. సంపూర్ణమ్మ ఇటు తిరిగింది. ఉదయభాస్కర్ గారూ తిరిగారు. ఇద్దరూ దుప్పటి నిండా నిలబడ్డారు.

"ఓరి నాయనో, ఆయనే," అంది ఎవరో ముసలామె, తాపీగా. ఆ మాటతో నవ్వు మొదలైంది. ముందు చాపల మీంచి, తరవాత వెనక బల్లల మీంచి. ఎన్నేళ్ళుగానో తమలో తామే మింగుకున్న సిగ్గు ఆ నవ్వులో సగం దిగిపోయినట్టు తేలికపడ్డారు జనం. రోడ్డు మీద మోటారుసైకిలు స్టార్టయి వెళ్ళిపోయింది.

చివర పేర్లు మొదలయ్యాయి. పెళ్ళి క్యాసెట్లకి పేర్లు వేసిన చెయ్యి తబితది. ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి మనవరాలు అని వరసలు తప్పకుండా వేస్తుంది. ఈ సినిమాకి పేర్లు వేసేటప్పుడు, మిక్సింగు అన్నచోట ఏం వెయ్యమంటావని మేష్టారు అడిగితే, నేను వేసుకుంటానండి అంది. ఏం వేసిందో ఆయన్ని కూడా చూడనివ్వలేదు.

సంపూర్ణమ్మకి చదువు రాదు. పక్కనున్న రత్తమ్మ వయోజన బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలూ కూడబలుక్కుని పైకి చదువుతుంది. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"నీ పేరేనే సంపూర్ణం."

"నా పేరేంటే? ఏం రాశారు?"

రత్తమ్మ దుప్పటి వైపు కళ్ళు చికిలించి, వేలితో గాల్లో గీతలు పెట్టుకుంటూ, పేటంతా వినేలా చదివింది. "మిక్సింగ్. తబిత. పాతలంక వాస్తవ్యురాలు, శ్రీమతి సంపూర్ణమ్మ గారి కుమార్తె."

ఓటర్ల జాబితాలో, రేషను కార్డులో, మేస్త్రీ పిలుపులో ఎక్కడా ఆ పేరు చివర గారు లేదు. సంపూర్ణమ్మ కూతురు ఎక్కడుందోనని చుట్టూ చూసింది. తబిత ప్రొజెక్టరు పక్కన నిలబడి, ఆ వెలుగులో, తల్లినే చూస్తోంది. ఆవిడ చూపు తిప్పుకుని రత్తమ్మ వైపు వంగింది.

"మళ్ళీ చదువే," అంది.